సవానా వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే ముందుగా అనుకునే ఊళ్ళలో సవానా ఒకటి. చాలామంది పొద్దున బయల్దేరి, చెట్ల కింద ఫొటోలు దిగి, ఐస్‌క్రీమ్ తిని, బీచ్ చూసి తిరిగి వచ్చేస్తారు. ఊరు నిజంగా అందమైనదే. కానీ ఈ అందమంతా ఎవరి కష్టంతో వచ్చిందో చెప్పే చోట్లు కూడా అక్కడే, నడిచే దూరంలోనే ఉన్నాయి. అవి చూడకుండా వస్తే సగం ఊరే చూసినట్టు. అందుకే కింది జవాబుల్లో వాటికి ఎక్కువ చోటిచ్చాను.

సవానా ఎక్కడుంది? ఎలా వెళ్ళాలి?

జార్జియా రాష్ట్రానికి తూర్పు చివర, సవానా నది ఒడ్డున ఉంది. నది దాటితే సౌత్ కరోలినా. అట్లాంటా నుంచి సుమారు 250 మైళ్ళు. ఐ-75 మీద మేకన్ దాకా వెళ్ళి, అక్కడ ఐ-16 ఎక్కితే నేరుగా ఊళ్ళోకే తీసుకెళ్తుంది. ఆగకుండా వెళ్తే నాలుగు గంటలు. ఐ-16 పొడుగునా ఊళ్ళు తక్కువ కాబట్టి గ్యాస్ కొట్టించడం, పిల్లల బాత్రూమ్ పనులు మేకన్‌లోనే చూసుకోండి. జాక్సన్‌విల్ నుంచి రెండు గంటల పైచిలుకు, చార్ల్‌స్టన్ నుంచీ దాదాపు అంతే. విమానాశ్రయం ఉంది, ఆమ్‌ట్రాక్ రైలు కూడా ఆగుతుంది.

ఒక్క రోజులో చూసి వచ్చేయొచ్చా?

వెళ్ళిరావచ్చు కానీ నేనైతే వద్దంటాను. ఎనిమిది గంటలు కార్లోనే పోతే మిగిలేది మధ్యాహ్నం ఎండ. ఈ ఊళ్ళో పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఆరు తర్వాత నడవడమే అసలు సుఖం. ఒక రాత్రి ఉండండి, వీలైతే రెండు. మొదటి రోజు మొత్తం పాత ఊరికి, రెండో రోజు టైబీ ద్వీపం, దారిలో ఉన్న కోట, తిరుగు ప్రయాణంలో బోనావెంచర్ శ్మశానం. మూడో రోజు ఉంటే వామ్‌స్లో అనే పాత తోట కూడా కలపండి.

ఏ నెలలో వెళ్ళాలి?

మార్చి, ఏప్రిల్ నెలల్లో అజేలియా పూలు విరగబూస్తాయి. వాతావరణం పరంగా అక్టోబర్, నవంబర్ ఇంకా హాయిగా ఉంటాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండ 33, 34 డిగ్రీలే అయినా ఉక్కపోత మన విశాఖ, కాకినాడ వైపు మే నెలను గుర్తుచేస్తుంది. తుపానుల సీజన్ అధికారికంగా జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఆ మధ్యలో వెళ్తే హోటల్‌కు క్యాన్సిలేషన్ ఉండేలా బుక్ చేసుకోండి. వసంతంలో, శరదృతువులో కంటికి సరిగా ఆనని చిన్న ఇసుక దోమలు కుడతాయి. నీళ్ళ పక్కకు వెళ్ళేటప్పుడు పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయండి.

మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే. ఇక్కడి ఐరిష్ ఊరేగింపు 1824 నుంచి సాగుతున్న సంప్రదాయం, దేశంలోని పెద్ద ఊరేగింపుల్లో ఒకటి. ఫోర్సైత్ పార్కు ఫౌంటెన్‌లో నీళ్ళకు ఆకుపచ్చ రంగు కలుపుతారు. సందడి ఇష్టమైతే అప్పుడు వెళ్ళండి. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో అయితే ఆ వారం వదిలేయండి. గదుల ధరలు బాగా పెరుగుతాయి, తాగే జనం ఎక్కువ.

అందరూ స్క్వేర్లు, స్క్వేర్లు అంటారు. అవేమిటి?

సవానాను సవానాగా చేసినవి అవే. 1733 ఫిబ్రవరిలో జనరల్ జేమ్స్ ఓగిల్‌థార్ప్ ఇంగ్లండ్ నుంచి వందకు పైగా వలసదారులతో వచ్చి, నది ఒడ్డున ఎత్తైన గట్టు మీద ఊరికి ముగ్గు వేశాడు. ఊరిని వార్డులుగా విభజించాడు. ప్రతి వార్డు మధ్యలో ఒక ఖాళీ స్థలం. దానికి ఉత్తరాన, దక్షిణాన ఇళ్ళ స్థలాలు, మొత్తం 40. తూర్పున, పడమర గుడి, బడి లాంటి ఉమ్మడి భవనాలకు స్థలాలు. ఊరు పెరిగితే ఇదే నమూనాలో ఇంకో వార్డు కలుపుకుంటూ పోవడమే. అలా వందేళ్ళకు పైగా కలుపుతూ వచ్చి 24 స్క్వేర్లయ్యాయి. వాటిలో 22 ఇప్పటికీ ఉన్నాయి. నగర ప్రణాళిక చదివే విద్యార్థులు నేటికీ ఈ పటాన్ని పాఠంగా చదువుతారు.

నడిచేవాళ్ళకు దీనివల్ల కలిగే లాభం వెంటనే తెలుస్తుంది. రెండు నిమిషాలు నడిస్తే ఒక నీడ, ఒక బెంచీ. కార్లు స్క్వేర్ చుట్టూ తిరిగి పోవాలి కాబట్టి వాటంతటవే నెమ్మదిస్తాయి. ఓగిల్‌థార్ప్ కాలంలో కార్లు లేవు, కానీ మనిషి నడకకు సరిపడేలా కొలిచిన ఊరు కాబట్టి మూడు వందల ఏళ్ళ దగ్గరకొచ్చినా పనికొస్తోంది.

ఇంత పాత ఊరు చెక్కుచెదరకుండా ఎలా మిగిలింది?

తనంతట తాను మిగల్లేదు, మనుషులు మిగిల్చారు. 1954లో ఎల్లిస్ స్క్వేర్‌లోని పాత సిటీ మార్కెట్‌ను పడగొట్టి పార్కింగ్ గ్యారేజ్ కట్టారు. ఆ దెబ్బకు ఊళ్ళో కోపం రాజుకుంది. తర్వాతి ఏడాది 1820 నాటి డావెన్‌పోర్ట్ ఇంటికీ అదే గతి పట్టబోతుంటే ఏడుగురు మహిళలు కలిసి డబ్బు పోగుచేసి ఇంటిని కొనేశారు. హిస్టారిక్ సవానా ఫౌండేషన్ అలా పుట్టింది. ఆ తర్వాత వందలాది ఇళ్ళు దక్కాయి. 1966లో పాత ఊరంతటికీ జాతీయ చారిత్రక గుర్తింపు వచ్చింది. 1978లో మొదలైన స్కాడ్ ఆర్ట్ కాలేజీ కూడా పాడుబడిన భవనాలు తీసుకుని బాగుచేసి తరగతి గదులుగా వాడుతోంది. ఇక ఎల్లిస్ స్క్వేర్ విషయానికొస్తే, ఆ గ్యారేజ్‌ను చివరికి కూల్చేసి, పార్కింగ్‌ను భూమి కిందకు పంపి, 2010లో స్క్వేర్‌ను తిరిగి తెరిచారు. డావెన్‌పోర్ట్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

అన్ని స్క్వేర్లూ తిరగలేం. ఏ దారిలో నడిస్తే బాగుంటుంది?

బుల్ స్ట్రీట్. బంగారు గుమ్మటం ఉన్న సిటీ హాల్ దగ్గర మొదలుపెట్టి దక్షిణంగా ఫోర్సైత్ పార్కు దాకా నడిస్తే సుమారు ఒక మైలు. దారిలో ఐదు స్క్వేర్లు వస్తాయి.

మొదటిది జాన్సన్ స్క్వేర్, ఊళ్ళో అన్నిటికన్నా పాతది. రెండోది రైట్ స్క్వేర్. ఇక్కడ కాస్త ఆగండి. ఓగిల్‌థార్ప్‌కు చోటిచ్చి, ఊరు నిలదొక్కుకునేలా సాయం చేసిన యామక్రా అనే స్థానిక అమెరికన్ తెగ పెద్ద టొమోచిచిని 1739లో ఈ స్క్వేర్ మధ్యలోనే సకల మర్యాదలతో ఖననం చేశారు. ఆ మర్యాద చాలాకాలం నిలవలేదు. 1883లో ఆయన సమాధి ఉన్న చోటే ఒక రైల్వే కంపెనీ అధ్యక్షుడికి స్మారకం కట్టారు. దానికి బాధపడి, ఆ అధ్యక్షుడి కోడలే ముందు నిలబడి 1899లో టొమోచిచి కోసం పక్కన ఒక పెద్ద గ్రానైట్ రాయి పెట్టించింది. మధ్యలో ఉన్న నిలువెత్తు కట్టడాన్ని ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. మీరు మాత్రం ఆ రాయి దగ్గరకు వెళ్ళండి.

మూడోది చిప్పెవా స్క్వేర్. ఓగిల్‌థార్ప్ విగ్రహం ఇక్కడుంది. వాషింగ్టన్‌లో లింకన్ విగ్రహం చెక్కిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ పనితనమే ఇదీ. విగ్రహం దక్షిణం వైపు చూస్తూ ఉంటుంది, ఎందుకంటే అప్పటి శత్రువులు స్పెయిన్ వాళ్ళు ఫ్లోరిడాలో ఉండేవారు. నాలుగోది మాడిసన్, ఐదోది మాంటెరీ. మాంటెరీ పక్కనే 1878 నాటి మిక్వే ఇజ్రాయెల్ యూదు ప్రార్థనామందిరం ఉంది. బయటినుంచి గోథిక్ చర్చిలా కనిపిస్తుంది. ఊరు పుట్టిన ఏడాదే వచ్చిన యూదు కుటుంబాలు మొదలుపెట్టిన సమాజం వాళ్ళది.

చివర్లో ఫోర్సైత్ పార్కు, అందులో 1858 నాటి తెల్లని ఇనుప ఫౌంటెన్. శనివారం పొద్దున రైతుల సంత జరుగుతుంది.

ఓపిక ఉంటే తూర్పుగా తిరిగి లాఫయెట్ స్క్వేర్‌లో జంట శిఖరాల కేథడ్రల్ కూడా చూడండి.

‘ఫారెస్ట్ గంప్’ సినిమాలో టామ్ హాంక్స్ కూర్చున్న బెంచీ ఎక్కడ?

చిప్పెవా స్క్వేర్‌లో షూటింగ్ చేశారు కానీ ఆ బెంచీ అక్కడ లేదు. అది సినిమా కోసం తెచ్చి పెట్టినది. సవానా హిస్టరీ మ్యూజియంలో ఉంది.

బానిసత్వ చరిత్ర తెలుసుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, అందుకే పొడుగ్గా చెబుతాను.

జార్జియా మొదట్లో బానిసత్వాన్ని నిషేధించిన కాలనీ. ఆ నిషేధాన్ని 1751లో ఎత్తేశారు. అక్కణ్ణుంచి ఈ తీరమంతా వరి పొలాలు లేచాయి. వరి సాగు తెలిసిన పశ్చిమ ఆఫ్రికా ప్రజలను పట్టి తెచ్చి, మోకాలిలోతు బురదలో పని చేయించారు. 1793లో ఈ ఊరి శివార్లలోని మల్బరీ గ్రోవ్ తోటలో ఇలై విట్నీ పత్తి గింజలు తీసే యంత్రం తయారుచేశాడు. యంత్రంతో పని తగ్గాల్సింది పోయి పత్తి సాగు పెరిగింది, దాంతో బానిసల సంఖ్యా పెరిగింది. సవానా పత్తి రేవైంది. మీరు చూసే పెద్ద ఇళ్ళలో చాలావాటి వెనక ఆ డబ్బే ఉంది. అంతర్యుద్ధంలో ఈ పత్తి ఆగిపోయినప్పుడే ఇంగ్లండ్ మిల్లులు మన దేశం పత్తి మీద పడ్డాయి, ఆ నాలుగేళ్ళూ అక్కడ ధరలు ఆకాశాన్నంటాయి.

మొదట ఓవెన్స్-థామస్ ఇంటికి వెళ్ళండి. 1819లో విలియం జే అనే యువ ఆర్కిటెక్ట్ కట్టిన భవనం. పేరులోనే ఇప్పుడు బానిసల వసతి గృహాన్ని కూడా చేర్చారు, టూర్ మొదలయ్యేదీ అక్కడే. వాళ్ళు పడుకున్న గదుల పైకప్పుకు వేసిన నీలం రంగు ఇంకా కనబడుతుంది. చెడు ఆత్మలను ఆ రంగు ఆపుతుందని నమ్మేవారు. తర్వాత మెరిసే మెట్లున్న పెద్దింట్లోకి తీసుకెళ్తారు. మొదట వెనకిల్లు చూసి, తర్వాత ముందరిల్లు చూడడం వల్ల కంటికి కనిపించేదే మారిపోతుంది. ఇదే టికెట్ మీద టెల్ఫెయిర్ అకాడమీ, జెప్సన్ సెంటర్ ఆర్ట్ మ్యూజియాలు కూడా చూడొచ్చు.

రెండోది ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లోని ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి. దేశంలోని అతి పాత నల్లజాతి చర్చి సమాజాల్లో ఒకటి. 1859లో పూర్తయిన ఈ కట్టడాన్ని పగలంతా యజమానుల పని చేసి, రాత్రుళ్ళు వచ్చి కట్టారు. కింది హాలు నేలలో ఒక ఆకారంలో రంధ్రాలు ఉంటాయి. పారిపోయే బానిసలు నేల కింద దాక్కున్నప్పుడు వాటి గుండా గాలి పీల్చుకునేవారని చర్చివాళ్ళు చెబుతారు. టూర్ సమయాలు ముందే చూసుకోండి, ఆదివారం ప్రార్థనలుంటాయి.

మూడోది చాలామందికి తెలియనిది. 1859 మార్చి 2, 3 తేదీల్లో ఊరి పడమటి శివారులోని గుర్రప్పందేల మైదానంలో పియర్స్ బట్లర్ అనే భూస్వామి అప్పులు తీర్చుకోవడానికి 436 మంది స్త్రీ పురుషులను, పిల్లలను వేలానికి పెట్టాడు. రెండు రోజులూ వర్షం కురుస్తూనే ఉంది. వాళ్ళ వారసులు ఆ రోజుల్ని ‘వీపింగ్ టైమ్’ అంటారు, ఏడుపు కాలం. అక్కడ ఇప్పుడున్నది ఒక ఫలకం, చిన్న పచ్చిక స్థలం, అంతే. చూడడానికి ఏమీ లేదని మానేయకండి. కారు ఆపి ఫలకం చదవడానికి ఐదు నిమిషాలు చాలు.

పిన్ పాయింట్ హెరిటేజ్ మ్యూజియం కూడా చెప్పాలి. విముక్తి తర్వాత ఇక్కడ స్థిరపడిన గీచీ ప్రజలు (ఈ తీరానికి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ళ వారసులు) చేపలు, పీతలు, గుల్లల మీద బతికిన పల్లె అది. పాత ఫ్యాక్టరీయే మ్యూజియం. దక్షిణం శివారులో ఉంది, కారు కావాలి.

అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని షెర్మన్ అట్లాంటాను తగలబెట్టాడు కదా, సవానాను ఎందుకు వదిలేశాడు?

1864 డిసెంబర్‌లో అతని సైన్యం దగ్గరకు వచ్చేసరికి కాన్ఫెడరేట్ (దక్షిణాది) దళాలు రాత్రికి రాత్రి నది దాటి పారిపోయాయి. మేయర్ ఎదురెళ్ళి ఊరిని అప్పగించాడు. ఇక తగలబెట్టాల్సిన అవసరం రాలేదు. ఊరిని క్రిస్మస్ కానుకగా ఇస్తున్నానని షెర్మన్ లింకన్‌కు టెలిగ్రామ్ పంపాడు. అతను దిగిన గ్రీన్-మెల్‌డ్రిమ్ ఇల్లు మాడిసన్ స్క్వేర్‌లో ఉంది. ఆ ఇంటికి టెలిగ్రామ్ కన్నా పెద్ద విషయం ఇంకోటుంది. 1865 జనవరి 12న ఇక్కడే 20 మంది నల్లజాతి మతపెద్దలు షెర్మన్‌ను కలిశారు. మీకేం కావాలని అడిగితే, వాళ్ళ తరఫున గారిసన్ ఫ్రేజియర్ మాకు భూమి కావాలని చెప్పాడు. నాలుగు రోజులకు కుటుంబానికి 40 ఎకరాల దాకా తీరభూమి ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాది చివరికల్లా కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దాన్ని వెనక్కి తీసుకుని భూములు పాత యజమానులకే ఇచ్చేశాడు. అమెరికాలో ఈ రోజుకీ వినిపించే ‘నలభై ఎకరాలు’ మాటకు మూలం ఈ గదుల్లోనే ఉంది.

ఇటీవలి చరిత్ర?

మార్టిన్ లూథర్ కింగ్ బులెవార్డ్ మీద రాల్ఫ్ మార్క్ గిల్బర్ట్ పౌరహక్కుల మ్యూజియం చూడండి. 1960 మార్చిలో విద్యార్థులు బ్రాటన్ స్ట్రీట్ దుకాణాల్లో తెల్లవాళ్ళకే కేటాయించిన కౌంటర్ల దగ్గర కూర్చుని అరెస్టయ్యారు. తర్వాత ఊరి నల్లజాతి ప్రజలు ఆ దుకాణాలను బహిష్కరించారు. ఆ ఉద్యమాన్ని నడిపిన డబ్ల్యూ. డబ్ల్యూ. లా వృత్తిరీత్యా పోస్ట్‌మ్యాన్.

ఇంకో సంగతి. బానిసత్వాన్ని సమర్థించిన కాల్హూన్ పేరుతో ఉన్న స్క్వేర్‌కు 2022లో ఆ పేరు తీసేసి, 2023లో సూసీ కింగ్ టేలర్ పేరు పెట్టారు. బానిసగా పుట్టి, ఈ ఊళ్ళోనే దొంగచాటుగా చదువు నేర్చుకుని, టీచర్‌గా, యుద్ధంలో నర్సుగా పనిచేసిన మనిషి ఆమె. పాత మ్యాపుల్లో ఇంకా పాత పేరే ఉండొచ్చు.

రివర్ స్ట్రీట్‌లో ఏముంది?

పాత పత్తి గిడ్డంగులు ఇప్పుడు షాపులు, రెస్టారెంట్లు అయ్యాయి. నేల మీద పరిచిన రాళ్ళు ఓడల్లో బరువు కోసం తెచ్చినవి. మెట్లు నిట్టనిలువుగా, రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి. స్ట్రోలర్ ఉన్నా, మోకాళ్ళ నొప్పులున్నా లిఫ్ట్ వాడండి. సాయంత్రం బెంచీ మీద కూర్చుంటే ఆకాశహర్మ్యాలంత కంటైనర్ ఓడలు కళ్ళముందు నుంచి వెళ్తాయి, పిల్లలకు అది చాలు. అవతలి ఒడ్డుకు ఉచిత ఫెర్రీ కూడా ఉంది. సంకెళ్ళు కాళ్ళ దగ్గర తెగిపడి ఉన్న నల్లజాతి కుటుంబం కంచు విగ్రహం దగ్గర ఆగి, కింద చెక్కిన మాయా ఏంజెలో మాటలు చదవండి.

చెట్లకు వేలాడేది ఏమిటి? తెంపి తెచ్చుకోవచ్చా?

స్పానిష్ మాస్ అంటారు. అనాస కుటుంబానికి చెందిన మొక్క. బదనికలా చెట్టు రసం పీల్చదు, గాలిలోని తేమతోనే బతుకుతుంది. నేల మీద పడినదాన్ని తాకకండి, దురద పుట్టించే పురుగులుంటాయి.

బోనావెంచర్ శ్మశానం కదా, అక్కడికి చూడ్డానికి వెళ్ళడం ఏమిటి?

మనకు ఇబ్బందిగా అనిపించడం సహజం. ఇంట్లో పెద్దవాళ్ళకు నచ్చకపోతే బలవంతపెట్టకండి. ఇక్కడివాళ్ళకు మాత్రం అది పార్కులాంటి చోటు. నది గట్టున లైవ్ ఓక్ చెట్లు, పాలరాతి శిల్పాలు, పాటల రచయిత జానీ మెర్సర్, కవి కాన్రాడ్ ఐకెన్ సమాధులు. ఐకెన్ సమాధి ఒక బెంచీ ఆకారంలో ఉంటుంది. ప్రవేశం ఉచితం. ఇప్పటికీ అంత్యక్రియలు జరిగే చోటు కాబట్టి సమాధులెక్కి ఫొటోలు దిగకుండా పిల్లలకు ముందే చెప్పండి.

చెట్ల సొరంగంలాంటి ఫొటో కావాలంటే మాత్రం వామ్‌స్లో. దారికి ఇరువైపులా 400కు పైగా లైవ్ ఓక్‌లు, ఒకటిన్నర మైలు పొడవు. లోపల తొలి వలసదారు నోబుల్ జోన్స్ కట్టించిన ఇంటి గోడలు మిగిలున్నాయి. గుల్ల సున్నం, ఇసుక, ఆల్చిప్పలు కలిపి పోసిన గోడలు అవి.

దయ్యాల టూర్లు బాగుంటాయా?

నేనైతే వెళ్ళమని చెప్పను. కొన్ని టూర్లలో బానిసల చావులను కూడా వినోదపు కథలుగా మార్చేస్తారు, కల్పనకూ చరిత్రకూ తేడా తెలియదు. పగటిపూట నడక టూర్ తీసుకోండి.

టైబీ ద్వీపం, పులాస్కి కోట పిల్లలకు నచ్చుతాయా?

తప్పకుండా. టైబీ ఊరికి సుమారు 18 మైళ్ళు. లైట్‌హౌస్‌కు 178 మెట్లు, కింది భాగం 1773 నాటిది, పైది 1867లో కట్టారు. పార్కింగ్‌కు డబ్బులు కట్టాలి, వేసవి వారాంతాల్లో పదింటికల్లా చేరకపోతే చోటు దొరకదు. నీళ్ళ లాగుడు ఎక్కువ ఉన్న చోట్ల బోర్డులుంటాయి, వాటిని దాటి దిగొద్దు.

కోట అదే దారిలో ఉంది. ఏడున్నర అడుగుల మందం ఇటుక గోడలు కాబట్టి ఎవరూ కూల్చలేరనుకున్నారు. 1862 ఏప్రిల్‌లో టైబీ మీదనుంచి యూనియన్ (ఉత్తరాది) సైన్యం కొత్తరకం ఫిరంగులతో 30 గంటలు కాల్చేసరికి గోడ తెగింది, కోట లొంగింది. ఆ గుండ్లలో కొన్ని ఇప్పటికీ గోడలో కనబడతాయి, పిల్లలు వాటిని వెతికి లెక్కపెడతారు. నేషనల్ పార్క్ పాస్ చెల్లుతుంది. రోడ్డు సముద్రమట్టానికి దగ్గరగా ఉంటుంది, పెద్ద పోటు వచ్చే రోజుల్లో నీళ్ళు ఎక్కుతాయి కాబట్టి బయల్దేరేముందు చూసుకోండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్ళొచ్చా?

నిస్సందేహంగా. ఎక్కి దిగే ట్రాలీ బస్సు టికెట్ తీసుకుంటే నడక తగ్గుతుంది. ఊళ్ళో ‘డాట్’ అనే ఉచిత బస్సు కూడా తిరుగుతుంది. పాత ఊళ్ళోనే గది తీసుకుంటే మధ్యాహ్నం వాళ్ళు కాసేపు నడుం వాల్చొచ్చు. ఖర్చు ఎక్కువే, కానీ పార్కింగ్ టెన్షన్ ఉండదు. ఈ ప్రాంతంలో ప్లాస్టిక్ గ్లాసుల్లో మద్యం పట్టుకుని వీధుల్లో నడవడానికి అనుమతి ఉంది. చూసి కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. కాలర్డ్ ఆకుకూరలో, బీన్స్‌లో పంది మాంసం ముక్క వేసి ఉడికించడం ఇక్కడి పద్ధతి. రెడ్ రైస్‌లో సాసేజ్ ఉంటుంది. గ్రిట్స్ అంటే జొన్న సంకటిలా ఉండే మొక్కజొన్న రవ్వ వంట. నీళ్ళలో, పాలలో వండారా, చికెన్ మరిగించిన నీళ్ళలోనా అని అడగండి. వేయించిన పచ్చి టమాటాలు, బెండకాయ వేపుడు, మాకరోనీ చీజ్ సాధారణంగా ఇబ్బంది లేనివి. బెండకాయ ఈ తీరానికి ఆఫ్రికా నుంచి వచ్చింది. రోడ్డు పక్కన ఉప్పునీళ్ళలో ఉడికించిన వేరుశనగ అమ్ముతారు, అమ్మానాన్నలకు ప్రాణం లేచొస్తుంది. మాంసాహారులు రొయ్యలు, గ్రిట్స్ కలిపి వడ్డించేది తిని చూడండి. 1919లో మొదలై ఇప్పుడు బ్రాటన్ స్ట్రీట్‌లో ఉన్న లియోపోల్డ్స్ ఐస్‌క్రీమ్ దగ్గర వరుస పొడుగ్గా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే వెళ్తే తొందరగా దొరుకుతుంది. ఇంటికి తెచ్చుకోవాలంటే రివర్ స్ట్రీట్‌లో పెకాన్ ప్రలీన్లు కొనండి. చక్కెర, వెన్న, పెకాన్ పప్పుతో చేస్తారు. రాళ్ళ పళ్ళేల మీద వేడివేడిగా పోస్తుండగా చూడొచ్చు, అడిగితే రుచికి ఒక ముక్క కూడా ఇస్తారు.